గుంత ఒకటి, లోతు అడుగు

ఈ వారం ఇంట్లో సంగటి వండొద్దని చెప్పేశాను. కడుపులో బాగాలేదా అని అడిగింది మా ఆవిడ. అవునన్నాను. నిజానికి బాగాలేనిది నా కుడిచేతి బొటనవేలు.

మా కర్నూల్లో ఒక పార్కు ఉంది. ఏ పార్కో, ఏ ఆఫీసో చెప్పను, నేనింకా ఈ ఊళ్లోనే బతకాలి. ఆ పార్కులో ఒక శిల్పం పెట్టాలనుకున్నారు, నిధులొచ్చాయి, శిల్పిని ఎంచడానికి కమిటీ వేశారు, కమిటీలో కళ తెలిసినవాడు ఒకడుండాలట, హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైన నన్ను అందులో వేశారు. అబద్ధమెందుకు, పొంగిపోయాను. ఇస్త్రీ చొక్కా రెండు రోజుల ముందే తీసి పెట్టుకున్నాను.

టెండరు కాగితాలు చూశాక ఆ పొంగు కొంచెం దిగింది. ఎవరో పాత రోడ్డు టెండరు బయటికి తీసి, పైన పేరు మార్చి, కిందంతా అలాగే వదిలేశారు. శిల్పి గత 3 ఏళ్ల టర్నోవర్ ఎంత? తారు కలిపే ప్లాంటు ఉందా? రోలర్లు ఎన్ని, సొంతవా, అద్దెవా? కడప నుంచి వచ్చిన ఫైన్ ఆర్ట్స్ అమ్మాయి ఒకతె రోలర్ల దగ్గర ‘ఒకటి, సొంతం’ అని రాసి చపాతీ కర్ర ఫోటో జతచేసింది. మట్టి పలకలు వత్తుకునేది దాంతోనేనట. నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చింది. అకౌంట్స్ సారు మాత్రం ఆ ఫోటో మీద ‘వెరిఫై చేయవలెను’ అని ఎర్ర ఇంకుతో రాశారు.

మార్కులు 100కు. టర్నోవరుకు 40, అనుభవానికి 30, యంత్రాలకు 20. మిగిలిన 10 నమూనాకు. అంటే బొమ్మ ఎలా ఉందన్నది నూటికి పదివంతుల విషయం. ఆ పదీ వేయడానికే నన్ను పిలిచారని నాకు తర్వాత అర్థమైంది.

వచ్చిన దరఖాస్తులు 9. ఏది ఎలా ఎగిరిపోయిందో చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. రెండు మాత్రం మింగుడు పడటం లేదు. ఒక ఏజెన్సీ కొండారెడ్డి బురుజును ఫైబరులో పోసి పెడతానంది. అసలు బురుజు విజయనగరం కాలం నుంచి ఊరి నడిబొడ్డున నిలబడే ఉంది, పార్కు నుంచి ఆటోలో పది నిమిషాలు. మా మే నెల ఎండకు ఫైబరు రంగు వెలిసి, తడక తేలి, పగుళ్లిచ్చి, మూడో ఏడాదికి ఎలుకలకు కాపురమవుతుంది. అయినా దానికి టర్నోవర్లో 40కి 40 వచ్చాయి. ఇంకొకాయన ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. అక్కడ దేవుడి విగ్రహాలు చెక్కడం ఇంటింటి విద్య. అరచేతంత నల్లరాతి నందిని గుడ్డలో చుట్టి తెచ్చాడు. మెడలో గంటల పట్టెడ, దాని మీద కుట్టు కూడా కనిపించేట్టు చెక్కాడు. ఆయన దగ్గర 3 ఏళ్ల ఆడిట్ కాగితాలు లేవు. రెండు కవర్ల పద్ధతి కదా, మొదటి కవర్లో కాగితం తగ్గితే రెండో కవరు విప్పరు. నందిని మళ్లీ గుడ్డలో చుట్టుకుని బస్సు టైమవుతోందని వెళ్లిపోయాడు. లేపాక్షిలో ఏకశిల మీద 27 అడుగుల బసవన్నను చెక్కినవాళ్లు ఈ టెండరుకు వచ్చి ఉంటే వాళ్లకూ ఇదే మర్యాద.

ఇక అసలు సంగతి. ఆ కడప అమ్మాయి నమూనా బంకమట్టితో చేసింది. ఓర్వకల్లు రాళ్లు చూశారు కదా, ఎవరో దొర్లించి వదిలేసినట్టు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయే, అలాంటివి మూడు గుండ్లు. పిల్లలు ఎక్కొచ్చు, జారొచ్చు, ముసలివాళ్లు ఆనుకుని కూర్చోవచ్చు. అసలు పనిని రాతిలో చేస్తుంది. నమూనాలో అంగుళానికి అసలులో రెండడుగులు. మా ఊరి గాలికి మట్టి ఆరి పగులుతుందని తడిగుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, ఆ పిల్ల బయట వరండాలో కూర్చుంది.

మీటింగ్ పదిన్నరకన్నారు. పదకొండున్నరకు ఉగ్గాని బజ్జి వచ్చింది, పన్నెండుకు ఆఫీసర్లు వచ్చారు. నేను తిన్నాను. చేయి కడుక్కుందామంటే కొళాయి తిప్పితే గాలి వచ్చింది. జేబురుమాలుతో తుడుచుకున్నాననే అనుకున్నాను. అందరూ మాట్లాడుకుంటుంటే కిటికీ దగ్గరికి పోయి తడిగుడ్డ మెల్లగా ఎత్తి చూశాను.

ఇక్కడ నా పక్షాన నాలుగు మాటలు చెప్పుకోవాలి. పైనున్న గుండు మూడంగుళాల ఎత్తు. నున్నగా, గుండ్రంగా, తడితడిగా, ముదురు గోధుమరంగులో నిగనిగలాడుతోంది. నేను పుట్టినప్పటి నుంచి సంగటి తిన్నవాణ్ణి. ముద్ద ముందుకు రాగానే నడుమ బొటనవేలు పెట్టి గుంత చేయడం నాకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ మాన్పించలేరు. గుంత చేస్తేనే కదా నెయ్యి నిలిచేది, పులుసు పారకుండా ఉండేది. మా నాన్న గుంత లోతు చూసి మనిషి ఆకలి చెప్పేవాడు. వేలు దిగాక నా బుర్రకు తెలిసింది. దిగేటప్పుడు తెలియలేదు, సత్యప్రమాణంగా.

వేలు తీశాను. ఉగ్గాని నూనె పుణ్యమా అని మట్టి ఒక్క పిసరు అంటకుండా వచ్చింది. గుంత మాత్రం అచ్చు పోసినట్టు పడింది. చుట్టూ సన్నటి గీతలు, అడుగున కొంచెం పసుపు ఛాయ, ఒక పక్క అతుక్కుని ఒకే ఒక బొరుగు.

ముప్పై ఏళ్లపాటు క్లాసులో నేను అరిచిన ఒకే ఒక మాట, ‘పక్కోడి బొమ్మ ముట్టుకోవద్దురా’ అని.

గుడ్డ కప్పేసేవాణ్ణే. అప్పుడే ఏఈ గారు, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, ‘సార్ చూస్తున్నట్టున్నారు, అందరం చూద్దాం రండి’ అన్నారు. కమిటీ మొత్తం కదిలొచ్చింది. నేను చేయి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.

మొదట చూసింది శానిటరీ ఇన్‌స్పెక్టరు. మిగతా శిల్పమంతా ఒక ఎత్తు, ఆయనకు గుంత ఒక ఎత్తు. ‘ఇందులో వాన నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలిస్తే దోమ గుడ్లు పెడుతుంది. వారం తిరిగేలోపు డెంగీ. ప్రతి శుక్రవారం డ్రై డే చేయిస్తున్నాం, ఆ గుంతను ఎవరు వంచి పారబోస్తారు?’ అన్నారు. మూడు గుండ్ల బరువు ఎన్ని టన్నులుంటుందో ఆయనకు తట్టలేదు.

కమిటీలో రైతుల తరఫున వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశారు. ‘దోమలు కాదప్పా. గీతలు సూడు, ఎంత సక్కగా తోలినారో. సాళ్లు ఇవి. సాలులో గింజ కూడా యేసింది పాప. రాతి మీద సేద్యం. మన సీమ బతుకే కదా ఇది’ అన్నారు. గొంతు జీరబోయింది. ఆయన చూపిస్తున్న గింజ నా టిఫిన్లో బొరుగు.

వాకర్స్ తరఫున వచ్చినావిడ పసుపు చూశారు. గడపకు పసుపు పెట్టినట్టు శుభంగా ఉందన్నారు. అందరూ ఒకసారి నా వైపు తిరిగారు. కళ తెలిసినవాణ్ణి కదా, ఏదో ఒకటి అనాలి. జేబులో చేయి పెట్టుకునే ‘సహజంగా ఉంది’ అన్నాను. సిగ్గు లేకుండా ఇంకో మాట కూడా అన్నాను. ‘ఆలోచించి పెట్టినట్టు లేదు చూడండి, అదే గొప్ప’ అన్నాను.

ఇంతవరకూ అయితే నవ్వుకుని మర్చిపోయేవాణ్ణి. అప్పుడు లేచారు అకౌంట్స్ సారు. పొద్దున్నుంచి ఆయన బాధ ఒకటే, శిల్పానికి యూనిట్ ఏంది? సర్కారు పనులకు రేట్ల పుస్తకం ఒకటుంటుంది. కాంక్రీటుకు ఇంత, ఇటుక గోడకు ఇంత, సున్నం వేస్తే ఇంత. శిల్పానికి అందులో రేటు లేదు. చదరపు అడుగా, కిలోనా, ముఖానికి ఇంతనా? రేటు లేకపోతే ఎస్టిమేటు లేదు, ఎస్టిమేటు లేకపోతే ఫైలు కదలదు. ఫైబరు బురుజుకు కంపెనీ ధరల కాగితం ఉంది కాబట్టి దాని వైపే ఆయన మొగ్గు.

ఆయన గుంతను చూశారు. ముఖం వెలిగింది.

‘తవ్వకం!’ అన్నారు. ‘తవ్వకానికి రేటుంది కదా. మట్టికి ఒకటి, మెత్తరాయికి ఒకటి, గట్టిరాయికి ఒకటి. గుంతను హెడ్డుగా పెట్టి మిగతా గుండ్లన్నీ దాని కింద వేసేద్దాం.’

ఏఈ గారు వెంటనే లెక్క కట్టారు. నా వేలి గుంత అంగుళం వెడల్పు, అర అంగుళం లోతు. అసలులో రెండడుగుల వెడల్పు, అడుగు లోతు. గిన్నె ఆకారం కాబట్టి దాదాపు 2 ఘనపుటడుగులు, ఆఫీసు భాషలో 0.06 క్యూబిక్ మీటరు. గట్టిరాయి కింద రాసుకున్నారు. నీళ్లు పోవడానికి అడుగున ఒక పైపు, పైపుకు జాలీ, జాలీకి తుప్పు పట్టని రంగు. మినిట్స్‌లో మొదటి వరుస ‘గుంత, 1 నం.’ అని ఎక్కింది. రెండో వరుసలో ‘తత్సంబంధ రాళ్లు’.

నేను నోరు తెరిచాను. నిజం చెబుదామనే. కానీ చెబితే గుంత పోతుంది, గుంత పోతే ఎస్టిమేటు పోతుంది, ఎస్టిమేటు పోతే ఫైబరు బురుజు వస్తుంది. ఆ పిల్ల మేలు కోరే మూసుకున్నానని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ క్షణంలో మాత్రం నాకు కనిపించింది నా పరువు ఒక్కటే. సంతకం పెట్టాను. బొటనవేలు జేబులోంచి తీయకుండా రెండు వేళ్లతో పెన్ను పట్టడం కుదరదు కాబట్టి ఎడమచేత్తో పెట్టాను. ‘ఆర్టిస్టులు కదా’ అన్నారు ఏఈ గారు.

అమ్మాయిని లోపలికి పిలిచారు.

‘పాపా, నీదే ఓకే అయింది. ఆ గుంత ఐడియా శానా బాగుంది’ అన్నారు అకౌంట్స్ సారు.

‘గుంతేంది సార్?’ అంది.

బల్ల దగ్గరికి పోయింది. ఫోను లైటు వేసి చూసింది. గోటితో బొరుగును తీసి, అరచేతిలో వేసుకుని, ఒక్కొక్కరి ముఖం కాదు, ఒక్కొక్కరి చేతులు చూసింది. అందరి వేళ్లూ పసుపుపచ్చగానే ఉన్నాయి. కొళాయిలో నీళ్లు రాని ఆఫీసుకు నేను జీవితంలో మొదటిసారి దండం పెట్టుకున్నాను.

‘ఇది ఎవరిదో వేలు పడింది సార్. రెండు నిమిషాల్లో సాపు చేసేస్తాను’ అని మట్టి వైపు చేయి చాచింది.

‘ముట్టుకోవద్దు!’ అని నలుగురూ ఒకేసారి అరిచారు.

‘మినిట్స్‌లో ఎక్కింది’ అన్నారు అకౌంట్స్ సారు. ‘తీయాలంటే మళ్లీ కమిటీ పెట్టాలి, మళ్లీ కోరం కావాలి. ఉండనీ, నీకేం నష్టం?’

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, కొంచెం కోపంతోనేనని నా అనుమానం, మట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుందని, రేపటికే గుంత ఇప్పుడున్నంత ఉండదని చెప్పింది. అకౌంట్స్ సారు పెన్ను కింద పెట్టేశారు. యాగంటిలో పెరిగే బసవన్న సంగతి మా వైపు చిన్నపిల్లలకూ తెలుసు. తరిగే గుంతకు బిల్లు ఎలా చేయాలో మాత్రం ఆయన సర్వీసులో ఎవరూ చెప్పలేదు. కొలత ఏ రోజుది తీసుకోవాలి? తడి కొలతా, పొడి కొలతా? అంతవరకూ తడిగుడ్డ ఎవరు మార్చాలి? అది తన డ్యూటీ కాదని అటెండరు తలుపు దగ్గరి నుంచే చెప్పేశాడు.

సోమవారం పదకొండింటికి మళ్లీ మీటింగ్ అట. ఎజెండాలో ఒకటే అంశం, గుంత లోతు. నిన్న ఫోన్ చేసి నన్ను స్కేలు తెమ్మన్నారు.