వేరు కిందికే పోతుందని ఎవరు చెప్పారు?

మళ్లీ వచ్చింది ఆ ఫార్వర్డ్. చెట్టు కొట్టాలంటే పర్మిషన్, పక్కన కట్టేముందు దాని చుట్టూ కంచె అనే రూల్స్ మీద కోపం. "చెట్ల రూల్స్ పేరుతో ఇల్లు కట్టుకునేవాళ్లను వేధిస్తున్నారు" అంటూ ఐదు పాయింట్లు, కింద "అన్ని గ్రూపులకూ పంపండి". ఒకరి తర్వాత ఒకరు పంపేస్తున్నారు, చదివి కాదనే నా అనుమానం.

"నా స్థలం, నా చెట్టు, అడగడానికి మున్సిపాలిటీ ఎవరు?" ఇన్ని అడుగులు వదిలి కట్టమన్నదీ వాళ్లే. పక్కింటాయన గోడ ముందుకు జరిపితే మీరు పరుగెత్తేదీ వాళ్ల దగ్గరికే.

"ఆకులు రాలి చెత్త." ఊడ్చుకోండి.

"ఒకటి కొట్టి పది నాటుతాం కదా." 60 సెంటీమీటర్ల వ్యాసమున్న మాను అడ్డకోత వైశాల్యానికి సమానం కావాలంటే 3 సెంటీమీటర్ల వ్యాసమున్న మొక్కలు 400 కావాలి. పది నాటి, అందులో ఎన్ని బతికాయో చూడడానికి మళ్లీ అటు వెళ్లేదెవరు?

అసలు ఒళ్లు మండేది నాలుగోది: "చెట్టు ఎంత ఎత్తో వేరు అంత లోతు, కాబట్టి పక్కన కట్టుకుంటే ఏమీ కాదు, కంచె దండగ." ఎవరు చూసొచ్చారండీ అంత లోతు? చాలా చెట్లకు వేర్లలో ఎక్కువ భాగం పైన మీటరు లోపలే ఉంటుంది, నీళ్లు తాగే సన్న వేర్లయితే ఇంకా పైపైనే, అవి కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి. అందుకే కట్టడాల దగ్గర చెట్లను కాపాడడానికి బ్రిటన్‌లో వాడే బీఎస్ 5837 ప్రమాణం ఒకటిన్నర మీటర్ల ఎత్తున మాను వ్యాసం కొలిచి, దానికి 12 రెట్లు దూరం వదలమంటుంది. అర మీటరు మానుకు చుట్టూ ఆరు మీటర్లు. మనవాళ్లు ఏం చేస్తారు? చెట్టు మొదట్లోనే ఇసుక కుప్ప పోస్తారు, లారీని అక్కడే రివర్స్ చేస్తారు, సిమెంటు కలిపిన తొట్టి అక్కడే కడుగుతారు. మట్టి గట్టిపడి గాలీ నీరూ దిగవు. చెట్టు వెంటనే చావదు, అదే వచ్చిన చిక్కు. గృహప్రవేశం ఫొటోల్లో పచ్చగానే ఉంటుంది. కొన్నేళ్లకు పై కొమ్మల చివర్లు మోడువారడం మొదలవుతుంది, అప్పుడు "అయ్యో, ఏదో చీడ పట్టింది" అంటారు. భలే చీడ, లారీలో వచ్చింది! పనివాళ్లు దిగకముందే కంచె వేయమనేది ఇందుకే. పునాది తవ్వాక వేస్తే అది అలంకారం.

"వేర్లు పునాదిని పగలగొడతాయి." గట్టి కాంక్రీటును తొలుచుకుని పోవు, ఉన్న పగుళ్లలోకి దూరతాయి. నల్లరేగడిలాంటి బంకనేలల్లో మాత్రం చెట్టు నీరు లాగేస్తే నేల కుంగుతుంది, ఆ భయం నిజమే, పునాది డిజైన్‌లోనే చూసుకోవాలి.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను, మీ మెసేజ్‌లో లేకపోయినా. ఇంత చుట్టుకొలత దాటితేనే రక్షణ అని రాసిన చోట, సరిగ్గా అది దాటేముందు చెట్టు నరికేసేవాళ్లుంటారు. చెట్టు పెంచినవాడికి పర్మిషన్ల టెన్షన్, నేల చదును చేసి ఉంచినవాడికి ఏమీ లేదు. నిలబెట్టిన ప్రతి చెట్టుకూ, కొట్టినవాటికి బదులుగా నాటాల్సిన మొక్కల్లో తగ్గింపు ఇస్తే కొంతమందైనా రంపం పక్కన పెడతారు.