పీహెచ్ ఏడు, అంతా క్షేమం

హైదరాబాద్‌లో నాలుగు గోడల మధ్య వర్టికల్ ఫార్మ్ (మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్ల మీద అరల్లో ఆకుకూరలు పెంచే తోట) పెట్టదలచినవారు మొట్టమొదట కొనవలసింది విత్తనాలు కాదు, 65 అంగుళాల టీవీ. దాన్ని రిసెప్షన్‌లో, వచ్చినవాళ్లు చెప్పులు విప్పే చోటికి సరిగ్గా ఎదురుగా బిగించాలి. అందులో డ్యాష్‌బోర్డు. డ్యాష్‌బోర్డులో పన్నెండు గుండ్రటి మీటర్లు, పన్నెండూ పచ్చగా. లోపల అరల్లో మొక్కలు ఏ రంగులో ఉన్నాయన్నది తర్వాతి మాట. పచ్చదనం తెర మీద పండుతోంది కదా, అదీ కోత కోయకుండా, తూకం వేయకుండా.

టీవీ మీద నాకు కోపం లేదు. నా తగువంతా దాని పైన ఎడమ మూలన మెరిసే ఒక్క అంకెతో, నీళ్ల పులుపును చెప్పే పీహెచ్‌తో (7 అంటే మధ్యస్థం, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ): పీహెచ్ 5.83. అందులోనూ ఆ చివరి 3తో. ఆ 3ని ఎవరు చూసొచ్చారు?

పీహెచ్ ప్రోబ్ అంటే కొసన పల్చటి గాజు బుడగ ఉన్న కడ్డీ. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కి 59 మిల్లీవోల్టుల చొప్పున ఓల్టేజీ మారాలి. బుడగకు పాకుడు పట్టినా, లోపలి ద్రవం పల్చబడినా ఈ లెక్క జారిపోతుంది. అందుకే వారానికోసారి కడిగి, ముందు 7 బఫర్‌లో, తర్వాత 4 బఫర్‌లో (పీహెచ్ ముందే ఖాయంగా తెలిసిన ద్రవాలివి) ముంచి సరిచూడాలి. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. 59 రావలసిన చోట 50కి దిగిందంటే పారేసి కొత్తది తెచ్చుకోవాలి. వాడనప్పుడు పొటాషియం క్లోరైడ్ ద్రవంలో ఉంచాలి. మనవాళ్లు శుభ్రంగా ఉంటుంది కదా అని ఆర్వో నీళ్ల గ్లాసులో నిలబెడతారు. ఆర్వో నీళ్లు ప్రోబ్ లోపలి ఉప్పును మెల్లగా లాగేస్తాయి. అలా వారం నానిన ప్రోబ్ మాటను రెండో దశాంశం దాకా నమ్మడమంటే, పుట్టిన తేదీ తెలియని మనిషికి విఘడియలతో సహా జాతకం రాయడమే.

ఇక అసలు ఘట్టం. రాత్రి పదిన్నరకి మొక్కలకు వెళ్లే నీళ్ల ట్యాంకులో పోషకాల మందు కలుపుతూ ఎవరో పీవీసీ పైపుతో గట్టిగా తిప్పారు. పైపు ప్రోబ్‌కి తగిలింది. గాజు బుడగ సన్నగా చిట్లింది. బుడగ చిట్లితే లోపలి ద్రవం, బయటి ద్రవం ఏకమవుతాయి. రెండు వైపులా ఒకటే ఉంటే ఓల్టేజీ సున్నా. ప్రోబ్ భాషలో సున్నా అంటే పీహెచ్ 7.

ప్రోబ్ మాట విని యాసిడ్ పంపును నడిపే కంట్రోలర్‌కి ఉన్న ఆజ్ఞ: పీహెచ్ 5.8 ఉండాలి. 7 కనిపించింది. పదకొండు గంటలకు పలచన చేసిన ఫాస్ఫారిక్ యాసిడ్ 5 మిల్లీలీటర్లు పోసి, పది నిమిషాలు ఆగి మళ్లీ చూసింది. 7. మళ్లీ 5 మిల్లీలీటర్లు. మళ్లీ 7. కోడలు ఎంత వండినా రుచి లేదనే అత్తగారిలా ప్రోబ్ 7 అంటూనే ఉంది, పంపు పోస్తూనే ఉంది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమనే తెలివి మనుషులకే సొంతం అనుకున్నాం ఇన్నాళ్లూ. ఇప్పుడది వైఫై మీద కూడా నడుస్తోంది. తెల్లవారి ఆరింటికి లెక్క తేలింది: 42 సార్లు, 210 మిల్లీలీటర్లు. 200 లీటర్ల ట్యాంకు. అసలు పీహెచ్ 3 చుట్టుపక్కల.

ఆ నీళ్లలో వేరు కొనలు చస్తాయి. నీళ్లలో నిలబడే మొక్క వాడిపోతుంది. ఏడింటికి రిపోర్టు వచ్చింది: 'గత ఏడు గంటల్లో పీహెచ్ ఒడుదొడుకులు: సున్నా.' గ్రాఫ్ చూస్తే స్కేలు పెట్టి గీసినట్టుంది. పదింటికి పెట్టుబడిదారులొచ్చారు. తలకు నీలం టోపీలు, కాళ్లకు ప్లాస్టిక్ తొడుగులు. టీవీ ముందు అందరూ అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. వ్యవస్థాపకుడు లేజర్ లైటుతో ఆ సరళరేఖను చూపించి, 'ఇంత స్థిరత్వం ఏ పొలంలోనైనా చూశారా?' అన్నాడు. చూడలేదు, నిజమే. బతికున్న ట్యాంకులో గీత రంపపు పళ్లలా ఉంటుంది. లెట్యూస్ (సలాడ్ ఆకు) తన నత్రజని మేత అయిన నైట్రేట్ తిన్నకొద్దీ పీహెచ్ పైకి పాకుతుంది, యాసిడ్ పడగానే దిగుతుంది, మళ్లీ పాకుతుంది. ఆసుపత్రి తెర మీద సరళరేఖ కనిపిస్తే ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకుంటారు. ఇక్కడ చప్పట్లు కొట్టారు. ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు.

దీనికి మందు కృత్రిమ మేధ కాదు, నాలుగు వరుసల కోడు. యాసిడ్ పోశాక పదిహేను నిమిషాల్లో పీహెచ్ కదలకపోతే పంపు ఆపి మనిషిని పిలువు. గంటకు ఇన్నిసార్లకు మించి పోయకు. ఆ కోడు కూడా రాయలేమంటే ఇంకో చిట్కా ఉంది: యాసిడ్ డబ్బాలో ఒక్క రోజుకు సరిపడానే పోసి ఉంచడం. ప్రోబ్ ఎంత అబద్ధమాడినా డబ్బా ఖాళీ అవుతుంది. రోజూ పొద్దున చేతి మీటరుతో ఒకసారి ముంచి చూస్తే ఇంకా మంచిది. కానీ చేతి మీటరుకు ఇంటర్నెట్ లేదు, కనుక అది చెప్పేది డేటా కిందికి రాదు.

అదే ట్యాంకులో ఈసీ (నీళ్లలో మొత్తం లవణాలు ఎన్నున్నాయో చెప్పే విద్యుత్ వాహకత) ప్రోబ్ కూడా వేలాడుతుంది. అది నీళ్లలోకి సన్నటి కరెంటు వదిలి కొలుస్తుంది. రెండింటికీ మధ్య ఒకదాని కరెంటు ఇంకోదానికి తగలకుండా ఆపే ఐసొలేటర్ బోర్డు పెట్టకపోతే, ఈసీ కొలిచినప్పుడల్లా పీహెచ్ ఉలిక్కిపడుతుంది. దీన్ని చూసిన డేటా విశ్లేషకుడు 'ఈసీకీ పీహెచ్‌కీ మధ్య బలమైన సంబంధం కనుగొన్నాం' అని స్లైడు చేశాడు. సంబంధం ఉంది నాయనా, ఎర్త్ ద్వారా.

ఈసీ సంగతీ అంతే. 1.6 అంటే నీళ్లలో లవణాలున్నాయని అర్థం, ఏ లవణాలో కాదు. బోరు నీళ్లలోని సోడియం, క్లోరైడ్‌ను మొక్క పెద్దగా తీసుకోదు. అవి ట్యాంకులో పేరుకుంటాయి. నైట్రేటేమో తరిగిపోతుంది. మొత్తం మాత్రం 1.6 దగ్గరే నిలుస్తుంది, మీటరు పచ్చగానే వెలుగుతుంది. రెండు మూడు వారాలకోసారి ట్యాంకు ఖాళీ చేసి కొత్త మందు కలపాలని ఏ డ్యాష్‌బోర్డూ చెప్పదు. పైగా ఈసీని పీపీఎంగా (పది లక్షల్లో ఎన్ని పాళ్లు) మార్చి చూపే మీటరు ఒకరి దగ్గర 500తో గుణించేది, ఇంకొకరి దగ్గర 700తో గుణించేది. ఒకే నీళ్లను ఒకరు 800 అంటారు, ఇంకొకరు 1120 అంటారు. మధ్యలో లెట్యూస్‌కి పంచాయితీ.

కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ కథ ఇంకా ముచ్చటైనది. చవక సెన్సర్లలో చాలావాటికి తమంతట తామే సరిచూసుకునే అలవాటు ఉంటుంది. కొన్ని రోజుల్లో తాము చూసిన అతి తక్కువ అంకెను 'ఇదే బయటి గాలి, 400' అని ఖాయం చేసుకుంటాయి. ఆఫీసులో అది పనిచేస్తుంది, రాత్రి అందరూ ఇంటికి పోతారు కనుక. గ్యాస్ వదిలే మూసిన గదిలో అంకె 700 కిందకి దిగదు. సెన్సర్ 700నే 400 అనుకుంటుంది. ఆ తర్వాత అది 900 అన్నప్పుడు గదిలో 1200 ఉంటుంది. ఒక్క కమాండుతో ఆ అలవాటు మాన్పించి, నెలకోసారి సెన్సర్‌ను బయటి గాలిలో పెట్టి సరిచేస్తే సరిపోతుంది. మాన్యువల్‌లో ఉంది. పీడీఎఫ్. ఎవరు తెరుస్తారు?

ఇక విశ్లేషణ. పది సెకన్లకో రీడింగ్ అంటే రోజుకు 8,640. పంట 35 రోజులు. మొత్తం 3,02,400 వరుసలు. 'మా దగ్గర మూడు లక్షల డేటా పాయింట్లు ఉన్నాయి, మా మోడల్ దిగుబడిని ముందే చెబుతుంది' అంటారు. అయ్యా, వరుసలు మూడు లక్షలు. పంట ఒకటి. దిగుబడి గురించి మీ మోడల్ చూసింది ఒక్క ఉదాహరణ. ఆ ఒక్కటైనా ట్రే వారీగా తూచి రాశారా? లేదు. తక్కెడ క్లౌడ్‌లోకి ఎక్కలేదట.

పెట్టుబడిదారులకు చూపే ప్రతి పిచ్ డెక్‌లోనూ ఒక స్లైడు ఉంటుంది. ఎడమవైపు నలుపు తెలుపులో తలపాగా చుట్టుకుని ఆకాశంకేసి చూసే ముసలి రైతు, కింద 'అంచనాల వ్యవసాయం'. కుడివైపు గులాబీ వెలుగులో తెల్లకోటు, చేతిలో ట్యాబ్, కింద 'డేటా వ్యవసాయం'. శంకర్‌పల్లి, మొయినాబాద్ దిక్కు నుంచి తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పాలకూర దించే ఆడమనిషి ఆకు వెనక్కి తిప్పి చూసి పేనుబంక పట్టిందో లేదో చెబుతుంది. తప్పు చెబితే ఆమె కట్ట ఆ పూటే మిగిలిపోతుంది. కాలిబ్రేషన్ అంటే అదీ.

మీ దగ్గరా అలాంటి కన్ను ఒకటుంది. రాత్రి డ్యూటీ కుర్రాడు. 'సార్, లోపలాకుల కొసలు మాడుతున్నయి' అన్నాడు. 'డ్యాష్‌బోర్డులో తేమ 62 ఉంది, అంతా గ్రీన్. నువ్వు నీ పని చూసుకో' అన్నారు. ఆ 62 ఎక్కడిది? సెన్సర్ ఏసీ గాలి నేరుగా కొట్టే గోడ మీద ఉంది. అరల మధ్య, ఆకుల గుంపులో తేమ 90. 24 డిగ్రీల గదిలో తేమ 65 ఉంటే ఆకు నుంచి నీటిని లాగే శక్తి ఒక కిలోపాస్కల్ ఉంటుంది, తేమ 90 అయితే 0.3కి పడిపోతుంది. ఆకు ఆవిరి వదలకపోతే కింది నుంచి నీళ్లు ఎక్కవు. నీళ్లు ఎక్కకపోతే వాటితోపాటు రావలసిన కాల్షియం లేత ఆకుకు రాదు. అంచులు మాడతాయి. దానికి టిప్‌బర్న్ అని పేరు. మీరు చేసిందేమిటి? ట్యాంకులో ఇంకాస్త కాల్షియం నైట్రేట్ పోశారు. కావలసింది ప్రతి అరలో పైనుంచి మొక్క మొవ్వు మీదికి గాలి విసిరే చిన్న ఫ్యాను. ఆ సంగతి పేరు తెలియకపోయినా ఆ కుర్రాడికి తెలుసు. ఫ్యాను పక్కనున్న ట్రేలు బాగున్నాయని వాడే చెప్పాడు. వినలేదు. వాడి జీతం ఆ టీవీ ఖరీదులో ఎన్నో వంతో లెక్కగట్టే విశ్లేషకుడు మీ దగ్గర లేడు. పంట పోయాక 'మానవ తప్పిదం' అని రాసుకుని వాణ్నే మాన్పించారు. సిగ్గుండాలి. ఆ గదిలో సరిగ్గా పనిచేసిన సెన్సర్ వాడొక్కడే, దాన్నే పీకి బయట పారేశారు.

సరే, కరెంటు లెక్క కూడా చూసేద్దాం, ఎలాగూ డ్యాష్‌బోర్డులో ఆ మీటరు లేదు. లెట్యూస్‌కి చదరపు మీటరుకు సెకనుకు 200 మైక్రోమోల్ (వెలుగును లెక్కించే కొలత) వెలుగు కావాలి, మంచి ఎల్ఈడీ ఒక్కో జూలు కరెంటుకు 2.5 మైక్రోమోల్ ఇస్తుంది, అంటే 80 వాట్లు. రోజుకు 16 గంటలు, 30 రోజులు: 38 యూనిట్ల పైచిలుకు. చదరపు మీటరుకు నాలుగు కిలోలు వచ్చాయనుకున్నా, కిలోకు తొమ్మిదిన్నర యూనిట్లు ఒక్క లైట్లకే. ఆ లైట్ల వేడిని మే నెలలో బయటికి తోడే ఏసీ ఖర్చు వేరు. అమెరికాలో బోవరీ ఫార్మింగ్ తన సాఫ్ట్‌వేర్‌కి బోవరీ ఓఎస్ అని పేరు పెట్టుకుంది, 2021లో 230 కోట్ల డాలర్ల విలువ కట్టించుకుంది, 2024 నవంబరులో తలుపులు మూసింది. ఏరోఫార్మ్స్ 2023 జూన్‌లో, ప్లెంటీ 2025 మార్చిలో దివాలా కోర్టు మెట్లెక్కాయి. వాళ్ల ప్రోబ్‌లు మనవాటికన్నా మంచివే అయ్యుంటాయి.

కరెంటంటే గుర్తొచ్చింది. కరెంటు పోతే వాట్సాప్‌లో హెచ్చరిక వచ్చే ఏర్పాటు కూడా ఉంది. కంట్రోలర్‌కి చిన్న బ్యాటరీ ఉంది. వైఫై రౌటర్‌కి లేదు. ఐదు నిమిషాలు కబురు రాకపోతే అదే పెద్ద కబురని మోగే గంట క్లౌడ్‌లో పెట్టుకోవాలి. పెట్టలేదు. పైపుల్లో నీళ్లు పల్చటి పొరలా పారితేనే వేళ్లు తడిగా ఉంటాయి, పంపు ఆగితే వేసవిలో గంట కూడా ఆగవు. రాత్రి ఒంటిగంటన్నరకి ఈదురుగాలికి లైను తెగింది. తెల్లవారి 5:40కి కరెంటు వచ్చింది, రౌటర్ కళ్లు తెరిచింది, గ్రూపులోకి మెసేజీలన్నీ ఒక్కసారిగా దూకాయి. మొదటిది: 'హెచ్చరిక! విద్యుత్ లేదు.' చివరిది: 'విద్యుత్ వచ్చింది. పీహెచ్ 7.00. అంతా క్షేమం.'