సవరణ: రిఫరెన్సుల జాబితా కుదించొద్దు

పీహెచ్‌డీ సాహిత్య సమీక్ష (ఆ అంశంపై అంతకుముందు వచ్చిన పరిశోధనల సమీక్ష) నివేదిక గురించి మొన్న రాస్తూ, ‘సిమిలారిటీ (ఇతరుల రచనలతో సాఫ్ట్‌వేర్ చూపించే పోలిక) 10 శాతం దాటకూడదు, రిఫరెన్సులు కూడా అందులో లెక్కే, జాబితా కుదించుకోండి’ అన్నాను. రెండో మాట తప్పు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లోనే ఉంది: రిఫరెన్సులు, బిబ్లియోగ్రఫీ (గ్రంథసూచి), విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. మూలం చెప్పి ఉటంకించిన భాగాలూ అంతే. నిబంధన చదవకుండా నా సిమిలారిటీ రిపోర్టు చూసి రాసేశాను, పొరపాటు నాదే. అందులో ఎర్రగా కనిపించినవన్నీ పత్రికల పేర్లు, పేజీ నంబర్లే. తీరా చూస్తే సాఫ్ట్‌వేర్‌లో బిబ్లియోగ్రఫీని మినహాయించే టిక్కు పెట్టనేలేదు!

అప్పుడే ఎంట్రీలు తీసేసినవాళ్లు తిరిగి పెట్టేయండి. సమీక్షకు ప్రాణమే ఆ జాబితా.

ఇంకోటి. ‘అయితే 10 శాతం దాకా కాపీ కొట్టొచ్చన్నమాట’ అని ఒకరు అడిగారు. నేను అలా అనలేదు. 10 శాతం లోపు ఉంటే శిక్ష ఉండదు, అంతవరకే. 10 దాటి 40 వరకు ఉంటే థీసిస్ సరిచేసి మళ్లీ ఇవ్వాలి, గడువు 6 నెలలు మించదు. పాత పోస్టులో జాబితా కుదించమన్న వాక్యం కొట్టేశాను.