"సింపుల్‌గా ఉంది, బాగుంది" అని ఓకే కొట్టే ముందు

తెలుగు పదాన్ని అక్షరాలుగా విడగొట్టే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఒకటుంది, ఖాళీ దొరికినప్పుడు దానికి వేరేవాళ్ళు పంపే కోడ్ మార్పులు చూసి రివ్యూలు చేస్తుంటా. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి మాత్రం ఆరు కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకి ఇచ్చిన నంబర్లు), వాటిని కలిపి ఒకటిగా చూపించడమే దాని పని. పదిహేను లైన్ల లూప్, కొత్తగా కోడింగ్ నేర్చుకున్నోళ్ళకి కూడా అర్థమైపోతుంది.

మొన్న ఒక కుర్రాడు ఆ లూప్ మొత్తం పీకేసి బిట్ మాస్కులు (ఒక్కో బిట్టు ఒక్కో గుర్తుకి ఔనా కాదా అని చెప్పే నంబర్లు) పెట్టి పిఆర్ (కోడ్ ఇలా మార్చమనే ప్రతిపాదన) పంపాడు. యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే పద్ధతి) తెలుగు బ్లాక్‌లో ఉండేవి 128 స్థానాలే కదా, రెండు 64 బిట్ల నంబర్లలో పట్టేస్తాయని. తెలివైన ఐడియానే, కాదనను. "మూడు రెట్లు ఫాస్ట్ అన్నా" అన్నాడు. దేని మీద కొలిచావు తమ్ముడూ అంటే ఒకే పదాన్ని పది లక్షల సార్లు తిప్పాడంట 🤦

సరే అని అసలైన పెద్ద ఫైల్ ఇచ్చి ప్రొఫైలర్ (ఏ కోడ్ ఎంత టైమ్ తింటోందో చూపే టూల్) పెట్టి చూశా. అక్షరాలు విడగొట్టే ఈ ఫంక్షన్ తినే టైమ్ వందలో నాలుగో ఐదో, అంతే. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పైగా 2021లో యూనికోడ్ 14లో నకారపొల్లుకి కొత్తగా కోడ్ ఇచ్చారు, రేపు అలాంటిది ఇంకోటి వస్తే లూప్‌లో అయితే ఒక లైన్ కలిపితే సరిపోతుంది, ఈ మాస్కులో ఎన్నో బిట్టో లెక్కపెట్టుకుంటూ కూర్చునేదెవరు?

ఇక్కడిదాకా నేనే కరెక్ట్ అని కాలర్ ఎగరేశా. మరి మిగతా టైమంతా ఎక్కడ పోతోందని చూస్తే, "ఈ పదం ఇంతకుముందు వచ్చిందా" అని లిస్టులో మొదటినుంచీ వెతికే ఒక్క లైన్ దగ్గర. రెండొందల పదాల టెస్ట్ ఫైల్‌తో చిటికెలో అయిపోతుంది, అదే యాభై వేల వేర్వేరు పదాలైతే సుమారు 125 కోట్ల పోలికలు. ఎవడ్రా ఇది ఓకే చేసిందని హిస్టరీ తీస్తే నా పేరే ఉంది, కింద "సింపుల్‌గా ఉంది, బాగుంది" అని నా కామెంటే 😐

జీటీఏ ఆన్‌లైన్ అనే వీడియో గేమ్ లోడింగ్ గుర్తుందా? 2021లో బయటి ప్రోగ్రామర్ ఒకాయన తవ్వి చూస్తే, దాదాపు 63 వేల ఐటమ్స్‌లో ఒక్కోటీ ముందే ఉందా అని లిస్టంతా వెతుకుతోంది, దానికి తోడు జేసన్ (డేటా రాసిపెట్టే ఒక ఫార్మాట్) చదివే దగ్గర ఇంకో తప్పు. రెండూ సరిచేస్తే ఆయన మెషీన్‌లో ఆరు నిమిషాలు పట్టేది రెండు నిమిషాల లోపుకొచ్చింది. అప్పుడు ఆ కథ చదివి తెగ నవ్వుకున్నా నేను.

రివ్యూల్లో కాస్త ఫాస్ట్ కోడ్ కనబడితే చాలు కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ పేరు చెప్పి ముందే ఆప్టిమైజ్ చేయకూడదంటారు మనోళ్ళు. ఆయన 1974లో రాసిన ఆ పేపర్లోనే ఆ కీలకమైన మూడు శాతం దగ్గర మాత్రం అవకాశం వదులుకోకూడదని కూడా రాశాడు, ఆ ముక్క ఎవరూ చెప్పరు. ఫాస్ట్ అన్నోడిని నంబర్లు అడుగుతాం, సింపుల్ అన్నోడిని ఏమీ అడగం, ఎందుకో మరి.

లిస్టు పక్కన ఒక సెట్ (అంతా వెతక్కుండానే పదం ఉందో లేదో చెప్పేది) పెట్టి వెతకడం అందులోకి మార్చాం, రెండు లైన్లు, చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. అదీ ఆ కుర్రాడితోనే చేయించా. బిట్ మాస్క్ పిఆర్ ఇంకా ఓపెన్‌గానే ఉంది, పెద్ద ఫైల్‌తో మళ్ళీ కొలుస్తా అన్నాడు. ఇప్పుడు లిస్టు గోల పోయింది కాబట్టి అక్షరాలు విడగొట్టే వాటా పెరిగి ఉండొచ్చు, నిజంగా తేడా కనబడితే నేనే మెర్జ్ చేస్తా, అంటే అసలు కోడ్‌లో కలిపేస్తా. కాకపోతే ఏ బిట్టు ఏ అక్షరమో పైన కామెంట్ రాయాల్సిందే, అందులో మాత్రం తగ్గేది లేదు.