వెనుక వరసలోని విశ్వాసి

ఆదివారం ఆరాధనలో ఒకతను మైకు అందుకుంటాడు. పదేళ్లు తాగానని, ఒక రాత్రి మోకరించి ప్రార్థించానని, మర్నాటి నుంచి చుక్క ముట్టలేదని సాక్ష్యం చెబుతాడు. సంఘమంతా హల్లెలూయా అంటుంది. వెనుక వరసలో మరొకతను తల వంచుకుని కూర్చుంటాడు. అదే ప్రార్థన అతనూ చేశాడు, చాలాసార్లు. ఈ ఉదయం కూడా వాసన రాకుండా రెండుసార్లు పళ్లు తోముకుని వచ్చాడు. క్రైస్తవ విశ్వాసం వ్యసనం నుంచి విడిపించగలదా అని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ వెనుక వరస వైపే చూస్తాను.

ప్రపంచమంతా పాకిన ఒక ఉద్యమం అలాంటి మనిషి దగ్గరే మొదలైంది. అమెరికాలోని ఏక్రన్‌లో బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు రెండేళ్లకు పైగా ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసానికి వెళ్లాడు. బైబిలు చదివాడు, ప్రార్థించాడు, తాగుతూనే ఉన్నాడు. 1935 మే నెలలో న్యూయార్క్ నుంచి బిల్ విల్సన్ ఆ ఊరికి వ్యాపారం పని మీద వచ్చాడు. అయిదు నెలల కిందట ఆసుపత్రిలో ఉండగా గది అంతా వెలుగుతో నిండిన అనుభవం కలిగి తాగుడు మానేసిన మనిషి. సాక్ష్యానికి అంతకంటే ఏం కావాలి? అయినా వచ్చిన పని బెడిసికొట్టి హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడినప్పుడు మనసు బారు వైపు లాగింది. ఆ వెలుగు జ్ఞాపకం ఒక్కటే చాలలేదు. ఊళ్లోని చర్చీల పట్టిక చూసి ఫోన్లు చేశాడు. తను మాట్లాడడానికి మరో తాగుబోతు కావాలన్నాడు. అలా ఆ ఇద్దరూ కలిశారు, తాగుడు మానాలనుకునేవారు కూటాల్లో కలుసుకుని ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది.

తాగుడు నుంచి బయటపడడానికి వారు పాటించే దారి పన్నెండు మెట్లు. 1939లో అచ్చయిన ఆ మెట్లలో అయిదోది, చేసిన తప్పుల్ని దేవుని దగ్గర, తన దగ్గర, మరో మనిషి దగ్గర ఒప్పుకోవడం. పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమన్న బైబిల్లోని యాకోబు పత్రిక తొలి సభ్యులకు ప్రాణం. దేవునితో గుట్టుగా ఒప్పుకోవడం కొంత సులువే, ఆయన ముఖం చిట్లించినా మనకు కనబడదు. సాటి మనిషికి చెప్పాలంటేనే నోరు పెగలదు. 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల సమాచారాన్ని పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఈ మార్గం ఇతర మానసిక చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని తేల్చింది. కూటాలకు వచ్చేవారి స్నేహాలు మారిపోవడం అందుకు ఒక ముఖ్య కారణమని పరిశోధకుల మాట. సంఘం సహవాసం అని పిలిచేది దాన్నే.

చిక్కంతా సాక్ష్యం తర్వాత వస్తుంది. విడుదల పొందానని అందరి ముందు చెప్పినవాడు మళ్లీ పడితే ఎవరితో చెప్పుకోవాలి? చెబితే దేవుణ్నే అబద్ధికుణ్ని చేసినట్టవుతుందని భయం. అందుకే దాస్తాడు, దాచిన కొద్దీ తాగుతాడు. యేసు చెప్పిన ఉపమానంలో అపవిత్రాత్మ వెళ్లిపోయిన ఇల్లు ఊడ్చి సర్ది ఉంటుంది, కానీ ఖాళీగా ఉంటుంది. ఆ ఆత్మ మరో ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొస్తుంది. రోజూ సాయంత్రం ఆరింటికి సీసా ముందు కూర్చున్న మనిషికి, మానేశాక ఆ ఆరు గంటల వేళ ఎంత ఖాళీగా ఉంటుందో ఆలోచించండి. అప్పుడు తలుపు తట్టే మనిషి కావాలి, ప్రసంగం అక్కర్లేదు.

కటువైన మాట ఒకటి చెప్పక తప్పదు. ఏళ్ల తరబడి బాగా తాగినవారు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. దాన్ని దయ్యమనుకుని ఉపవాస ప్రార్థన గదిలో కూర్చోబెట్టడం అజ్ఞానం. హెరాయిన్ మానడానికి వైద్యుడిచ్చిన బ్యూప్రెనార్ఫిన్ మాత్ర వేసుకునేవారిని అవిశ్వాసులనడమూ అంతే.

బాబ్ స్మిత్ కూడా బిల్‌ను కలిసిన కొద్ది వారాలకే వైద్యుల సభకని వెళ్లి తాగి వచ్చాడు. బిల్ అతని పక్కనే ఉండి చూసుకున్నాడు. ఆపరేషన్ చేయాల్సిన రోజు ఉదయం, చేతుల వణుకు తగ్గడానికి ఒక బీరు సీసా ఇచ్చాడు. బాబ్ తాగిన చివరి మద్యం అదే. ఆ రోజునే, 1935 జూన్ 10ని, ఆ సంస్థ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది.