మర్డాక్ కుటుంబం మీద తిరిగే ఐదు మాటలు

"రూపర్ట్ మర్డాక్ సున్నా నుంచి ఎదిగాడు. పన్ను ఎగ్గొట్టడానికి ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకున్నాడు. ఆయన కంపెనీల్లో సగానికి పైగా షేర్లు ఆ కుటుంబానివే. పెద్దకొడుకు లాక్లన్ కోర్టులో గెలిచి తోబుట్టువుల వాటా లాక్కున్నాడు. మన స్టార్ మా కూడా వాళ్లదే." అంతర్జాతీయ మీడియా అధిపతి మర్డాక్ మీద ఈ ఐదు మాటలూ మళ్లీ మళ్లీ చక్కర్లు కొడుతుంటాయి. ఐదింట్లో ఒక్కటీ సరిగ్గా లేదు.

సున్నా మాట: తండ్రి సర్ కీత్ మర్డాక్ మెల్‌బోర్న్‌లో హెరాల్డ్ పత్రికల గ్రూపును ఏలినవాడు. ఏలాడే గానీ ఆయన దాని యజమాని కాడు. 1952లో ఆయన పోయాక అప్పులకూ మరణ పన్నుకూ బ్రిస్బేన్ పత్రికలోని వాటా అమ్మేయాల్సి వచ్చింది. రూపర్ట్ చేతికి ముఖ్యంగా మిగిలింది అడిలైడ్‌లోని ద న్యూస్. చిన్నదే, కానీ ఒక రాష్ట్ర రాజధానిలో నడుస్తున్న దినపత్రికను సున్నా అనలేం. తండ్రి నడిపిన ఆ హెరాల్డ్ గ్రూపును కొడుకు 1987లో గానీ కొనలేకపోయాడు.

పౌరసత్వానికి కారణం ప్రసార చట్టం. అమెరికాలో టీవీ స్టేషన్ల లైసెన్సులు విదేశీయుల చేతిలో ఉండకూడదు. అక్కడి మెట్రోమీడియా సంస్థ టీవీ స్టేషన్లు కొనే పనిలో ఉండగా, 1985లో ఆయన అమెరికా పౌరుడయ్యాడు. కోరి వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే ఆస్ట్రేలియాది దానంతటదే పోయేలా అప్పటి చట్టం ఉండేది. ఆ నిబంధనను 2002లో ఎత్తేశారు.

షేర్ల దగ్గరే అందరూ బోల్తా పడేది. ఆయన కంపెనీలైన ఫాక్స్‌లో, న్యూస్ కార్ప్‌లో షేర్లు రెండు రకాలు: ఏ తరగతికి సాధారణంగా ఓటు లేదు, బీ తరగతికి ఉంది. 2025లో రాజీ కుదిరేదాకా ఆ ఓటున్న షేర్లలో కుటుంబ ట్రస్టు వాటా సుమారు 40 శాతం ఉండేది. మొత్తం పెట్టుబడిలో చూస్తే అంతకంటే చాలా తక్కువే. మిగతా ఓట్లు వేలమంది దగ్గర చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి పగ్గాలు పట్టుకోవడానికి ఆ 40 శాతం చాలింది. అసలు నేర్పు ఇక్కడుంది, పొగిడేవాళ్లకే అది కనబడదు.

ఇక కోర్టు. అప్పటి కుటుంబ ట్రస్టులో మొత్తం 8 ఓట్లు ఉండేవి: రూపర్ట్‌కు 4, పెద్ద పిల్లలు, ప్రూడెన్స్, ఎలిజబెత్, లాక్లన్, జేమ్స్‌లకు తలా ఒకటి. చిన్న కూతుళ్లు గ్రేస్, క్లోయీలకు ఆదాయంలో వాటా ఉండేది, ఓటు లేదు. తండ్రి పోతే ఆయన ఓట్లూ పోయేవి. అప్పుడు మిగతా ముగ్గురు ఒక్కటైతే లాక్లన్ ఓడిపోయేవాడు. అందుకే రూపర్ట్, లాక్లన్ కలిసి ట్రస్టు నిబంధనలు మార్చబోయారు. అది సద్బుద్ధితో చేసింది కాదంటూ 2024 డిసెంబరులో అమెరికాలోని నెవాడా రాష్ట్ర కోర్టు కమిషనర్ తోసిపుచ్చారు. అంటే లాక్లన్ గెలవలేదు, ఓడాడు. 2025 సెప్టెంబరులో రాజీ కుదిరింది: ప్రూడెన్స్, ఎలిజబెత్, జేమ్స్‌లకు ఒక్కొక్కరికి సుమారు 110 కోట్ల డాలర్లు ఇచ్చి బయటికి పంపారు. లాక్కోవడం కాదు, కొనుక్కోవడం.

స్టార్ మా? ఒకప్పుడు వాళ్లదే. మా టీవీని అప్పటి మర్డాక్‌ల కంపెనీ స్టార్ ఇండియా 2015లో తీసుకుంది. 2019లో స్టార్‌తో పాటు అదీ డిస్నీకి పోయింది, ఇప్పుడు రిలయన్స్ చేతిలోని జియోస్టార్‌లో ఉంది.