సేటు మీద ప్రేమ వేరు, మిల్లు మీద ప్రేమ వేరు

"కూలోళ్లకు మిల్లు మీద ప్రేమ లేదు" అట! వరంగల్ దగ్గర పత్తి గింజల నుంచి దూది వేరుచేసే ఓ జిన్నింగ్ మిల్లుల నిన్న పత్తి కుప్పకు నిప్పంటుకుంటే సూపర్‌వైజర్ అన్న మాట ఇది. పొద్దటి నుంచి కడుపు మండుతనే ఉంది.

పత్తిల మేకో రాయో పోయి దూది వేరుచేసే మిషన్ల, అంటే జిన్నుల తాకితే రవ్వ లేస్తది. పత్తి మంట పైన ఆరినట్టే ఉండి లోపల గంటలకొద్దీ రాజుకుంటది. అందుకే పత్తి జిన్నులకు పోకముందే ఇనుము పట్టెటందుకు మాగ్నెట్ పెడతరు. దానికి పట్టిన ఇనుము తుడవకపోతే కొత్త మేకు ఆగదు. షిఫ్టు మొదలుకాంగనే సూపర్‌వైజర్ తనే పోయి మాగ్నెట్ చూసే మిల్లుల కూలోళ్లు చెప్పకుండనే తుడుస్తరు. రూముల కూసోని "ఎన్ని బేళ్లు (ఒత్తి కట్టిన దూది మూటలు) అయినయ్?" అనుడొక్కటే తెలిసినాయన కింద ఎవరు తుడుస్తరు?

రోలర్ సంగతీ అంతే. జిన్నుల తిరిగే తోలు రోలర్ మీది గాట్లు అరిగి నున్నగైతే దూదిని గుంజదు. గింజకు దూది మిగుల్తది, రోలర్ వేడెక్కుతది, గింజ పగిలి పెంకులు దూదిల కలుస్తయి. మిషన్ ఆపి గాట్లు కొట్టాలె, కత్తుల సెట్టింగ్ చూడాలె. "సీజన్ల మిషన్ ఆపుతవా?" అని సూపర్‌వైజర్ ఒక్కసారి కసిరితే చాలు, మిషన్ చూసుకునే ఫిట్టర్ మళ్ల నోరు తెరవడు. శబ్దం మారింది చెవికి తెలుస్తనే ఉంటది, అయినా పక్క నుంచి పోతడు. 170 కిలోల బేలు లెక్కకు వస్తది, లోపల సరుకు ఖరాబు. సేటు దగ్గర మాత్రం ఆ సూపర్‌వైజర్ నమ్మినబంటు!

అసలు కోపం వేరే ఉంది. తేమ 12 శాతం దాటిందని రైతు బండిని గేటు కాడ వాపస్ పంపుతరు. అదే మిల్లుల తూకం పెరగాలని దూది మీద నీళ్లు కొట్టించేటోళ్లు ఉన్నరు. ఆ పైపు పట్టుకునేది కూలోడే. బండి తిప్పుకొని పోయిన రైతు వాళ్ల ఊరోడో, చుట్టమో అయ్యుంటడు. గసోంటోనికి మిల్లు మీద ప్రేమ గురించి చెప్పుడా?

ఏటా దసరాకు మిల్లు ఒకని చేతిల నుంచి ఇంకొకని లీజుకు పోతది, సూపర్‌వైజర్ మారుతడు. ఎండకాలం దాక ఉంటడో లేదో తెల్వనాయనకు రోలర్ ఏంది, మాగ్నెట్ ఏంది? ముందుగాల ఆయనకు బేలుకింత అని ఇచ్చుడు బంద్ చెయ్యుండ్రి. నెల జీతమిచ్చి ఏడాదంత పెట్టుకోండ్రి, సీజన్ అయిపోయినంక ఆ జిన్నులన్నీ విప్పి సాపు చేయించేది కూడ ఆయనే కావాలె.